ఓద్లైవ్ తాత వండిన టేకు రెక్క

నార్వే ఉత్తర తీరాన ఉన్న చేపల ఊరు స్టైన్‌వోగ్‌లో తనకంటే బాగా చేపను ఎరిగినవాడు లేడని ఓద్లైవ్ అనేవాడు. ఊరు కూడా కాదనేది కాదు. కాదంటే నిలబడి ఆయన చెప్పేదంతా వినాలి. వినడం కంటే ఒప్పుకోవడం సుఖం.

ఆయన పని ఎండుచేపల్ని రకాలుగా వేరుచేయడం. చలికాలం చివర్నుంచీ కొయ్యదూలాల మీద వేలాడి, సముద్రపు గాలికి ఎండి, కట్టెల్లా బిగుసుకుపోయిన కాడ్ చేపలు వేసవిలో గోదాముకు చేరుతాయి. ఓద్లైవ్ ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూస్తాడు, పొట్ట దగ్గర గోటితో గీరుతాడు, మెడ దగ్గర ముక్కు పెడతాడు, విసిరేస్తాడు. ఇటలీవాళ్ళకు పోయే మొదటి రకం గుట్ట ఒకటి, రెండో రకం గుట్ట ఒకటి, నైజీరియాకు పోయే నాసిరకంవి ఒక పక్కకు. నోరు విప్పడు. ఎటు విసిరాడన్నదే తీర్పు. దాని మీద అప్పీలు లేదు.

అంతవరకు బాగానే ఉంది. చేతనైన పనే, పొట్టకూటి పనే. కానీ ఈ మనిషి గోదాములోంచి బయటికొచ్చాక కూడా ఆ పని మానలేదు. చర్చిలో పాస్టరు ప్రసంగం రెండో రకం. పక్కింటివాళ్ళ పడవ రంగు రెండో రకం. ఓస్లో నుంచి వచ్చే మంత్రులందరూ నైజీరియా. పెళ్ళయిన నాటి నుంచీ భార్య బోర్గిల్డ్ పెట్టే కాఫీ రెండో రకమే.

"మొదటి రకం కాఫీ మొదటి రకం మొగుళ్ళకి పెడతారయ్యా. నీకిదే ఎక్కువ, తాగు," అనేది బోర్గిల్డ్.

కొడుకు ఐవింద్ ట్రోమ్సోలో చదువుకుని, అక్కడే ఉద్యోగం చేస్తూ, సున్నివా అనే అమ్మాయిని పెళ్ళిచేసుకుని తీసుకొచ్చాడు. ఆమె చేపల జన్యువుల మీద పరిశోధన చేస్తుందని విని ఓద్లైవ్ మొదట సంతోషించాడు. ఎవరికీ తెలియనివ్వలేదనుకోండి. భోజనాల బల్ల దగ్గర ఒక ఎండుచేపను ఆమె ముందు పడేశాడు.

"ఏ రకం, చెప్పమ్మా?"

"నాకు తెలీదు మామయ్యా. నేను దాని కండలోని ప్రోటీన్లు చూస్తాను. రకం మీరే చెప్పాలి."

"చేప మీద పెద్ద చదువు చదివి చేప తెలీదా?" అని ఆయన ఆ చేపను, దాంతోపాటు కోడలినీ, మనసులోనే రెండో రకం గుట్ట మీదికి విసిరేశాడు.

తర్వాత తూవా పుట్టింది. ఓద్లైవ్ తన జన్మలో రకం కట్టని ప్రాణి ఆ మనవరాలు ఒక్కతే. ఎత్తుకుని వెలుతురుకు పట్టి చూశాడు, మెడ దగ్గర ముక్కు పెట్టాడు, అలాగే ఉండిపోయాడు. ఎటూ విసరలేదు. బోర్గిల్డ్ ఇప్పటికీ ఈ మాట చెప్పి నవ్వుతుంది.

తూవాకు నడక వస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన కాడ్ చేప, దాని కాలేయం, గుడ్లు కలిపి కడుపునిండా తిని, మూతి తుడుచుకుని, పిల్లను ఎత్తుకుని రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టాడు. ముద్దు పెట్టినచోటల్లా ఎర్రగా దద్దుర్లు లేచాయి. పెదవుల అచ్చు దిగినట్టు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. సున్నివా పరుగెత్తుకొచ్చి తడిగుడ్డతో తుడిచి, మామ మొహం వైపు చూసి, "చేప తిన్నారా?" అంది.

స్టైన్‌వోగ్‌లో చేప తిన్నావా అని అడగడం గాలి పీల్చావా అని అడగడమే. ఓద్లైవ్‌కు ఆ ప్రశ్న తలకెక్కలేదు. తలకెక్కినది ఒక్కటే, తన ముద్దుకు మనవరాలి ఒంటిమీద దద్దుర్లు లేచాయని. ఊళ్ళో ఎవరి ముద్దుకీ లేవనివి.

చేప అలర్జీ అన్నారు ట్రోమ్సో డాక్టర్లు. కాడ్, సెయ్, హాలిబట్, సాల్మన్, ఏదీ పనికిరాదన్నారు. ఉడికే చేప ఆవిరి కూడా తగలకూడదన్నారు. దాంతో కొడుకూ కోడలూ వచ్చినప్పుడల్లా చేప వంట ఇంట్లో ఆగిపోయి పడవల కొట్టంలోకి మారింది. ఓద్లైవ్ మూతీ చేతులూ సబ్బుతో కడుక్కుంటేగాని పిల్లను ముట్టుకోవడానికి వీల్లేదు. పాస్టరు ఇంటికొచ్చినా చేతులు కడగని మనిషి! కడిగాడు. తిట్టుకుంటూ కడిగాడు. కడిగాక వేళ్ళు వాసన చూసుకుని మళ్ళీ కడిగాడు. అంత ప్రేమ ఉంది, కాదనను. ఆ ప్రేమకు తోడు కాస్త బుద్ధి కూడా ఉండి ఉంటే ఈ కథ చెప్పాల్సిన పని లేకపోయేది.

ఎందుకంటే అలర్జీ అనే మాట ఆయన ఒక్కనాడూ నమ్మలేదు. రకాలు తీసేవాళ్ళకు ఒక నమ్మకం ఉంటుంది, ఈ తీరమంతా ఉంది. శుభ్రమైన చేప ఎవరికీ చెరుపు చెయ్యదు. చెరుపు చేసిందంటే అది రక్తం సరిగ్గా తియ్యని చేప, ఎండలో ఆగిన చేప, ఈగ వాలిన చేప. "ట్రోమ్సోలో ప్లాస్టిక్‌లో చుట్టి అమ్మే చెత్త తినిపించి ఉంటారు. పిల్ల కడుపు అప్పుడే పాడైంది," అని గోదాములో అందరికీ చెప్పేవాడు. మరి తన నోటిలోని మొదటి రకం చేపకే కదా దద్దుర్లు లేచింది అని ఎవరైనా అడిగితే, "ఆ రోజు కాలేయం ఈసాక్ పడవది," అనేవాడు. ఈసాక్ ఆయన చిన్ననాటి స్నేహితుడు. అన్ని నేరాలూ మొయ్యడానికి స్నేహితుడు ఉన్నాడు.

తూవాకు ఎనిమిదేళ్ళు నిండిన చలికాలంలో సున్నివా ఫోన్ చేసింది. గొంతులో సంతోషం పట్టడం లేదు. ఆసుపత్రిలో, డాక్టర్లు పక్కనే ఉండి, తూవాకు టేకు చేపను కొద్దికొద్దిగా తినిపించి చూశారట. ఏమీ కాలేదట. ఇంకొంచెం పెట్టారు, ఏమీ కాలేదు. పళ్ళెం ఖాళీ చేసి ఇంకా ఉందా అని అడిగిందట.

"తాతా!" అని తూవా ఫోన్ లాక్కుంది. "నీ పుట్టినరోజుకి నేను కూడా చేప తింటాను. అందరితోపాటు, బల్ల దగ్గర కూర్చుని!"

ఓద్లైవ్ "ఆహా" అన్నాడు. ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు.

టేకు! గాలిపటంలా పరుచుకుని, తోక ఈడ్చుకుంటూ, అడుగున బురదలో పడి ఉండే టేకు. గాలానికి చిక్కితే పడవవాళ్ళు కాలితో సముద్రంలోకి నెట్టేస్తారు, లేదంటే ముక్కలు చేసి హాలిబట్‌కు ఎరగా గుచ్చుతారు. దానికి ఒక గుట్ట కూడా లేదు గోదాములో. ఈసాక్ ఈ మాట విని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు.

"ఒరే ఓద్లైవ్, ఊరంతా చేప తింటుంటే నీ మనవరాలు ఎర తింటుందన్నమాట. జాగ్రత్తరా, హాలిబట్ వచ్చి పట్టుకుంటుంది!"

గోదాములో అందరూ నవ్వారు. ఓద్లైవ్ జీవితమంతా ఇతరుల్ని చూసి నవ్వాడుగాని, తనను చూసి నవ్వితే ఎలా ఉంటుందో ఎరగడు. ఆ నవ్వు ఆయనకు జీర్ణం కాలేదు.

మార్చిలో ఆయన డెబ్బయ్యో పుట్టినరోజుకు అందరూ దిగారు. ముందురోజు వంటింట్లో బోర్గిల్డ్ కేకు మీద మీగడ రాస్తుంటే ఓద్లైవ్ కోడలి దగ్గర కూర్చున్నాడు.

"ఏమ్మా, మా కాడ్ పడని పిల్లకి ఆ బురద చేప ఎలా పడుతుందంటావ్? నాకు అర్థమయ్యేలా చెప్పు చూద్దాం."

సున్నివా నిజంగానే చెప్పింది, పాపం. వెటకారం అని తెలిసినా చెప్పింది. "చేప కండలో ఒక చిన్న ప్రోటీన్ ఉంటుంది మామయ్యా. దాన్ని చూసే తూవా ఒళ్ళు శత్రువనుకుని తిరగబడుతుంది. వండినా, ఎండబెట్టినా అది చావదు. ఆ ప్రోటీన్‌ని తయారుచేసే జన్యువు ఒక్కటి కాదు, పెద్ద కుటుంబం. ఒకటి రెండైంది, రెండు నాలుగయ్యాయి, అన్నదమ్ముల్లా వేరుపడ్డాయి, కొన్ని వంశం లేకుండా పోయాయి. ముల్లున్న చేపలన్నిట్లోనూ కండ నిండా ఉండేది ఒక శాఖవాళ్ళు. కాడ్‌లో వాళ్ళే, సాల్మన్‌లో వాళ్ళే, పోలికలు అవే. అందుకే పిల్లకి ఏదీ పడదు."

"మరి నీ టేకు?"

"టేకు, సొర, ముల్లు లేకుండా మెత్తటి ఎముకతో ఉండే ఇవి ఎప్పుడో నలభై కోట్ల ఏళ్ళకి ముందే వేరు కాపురం పెట్టిన దాయాదులు. వాటి కండలో ఎక్కువగా ఉండేది ఇంకో శాఖ. ముక్కూ మొహం వేరు. తూవా ఒళ్ళు దాన్ని గుర్తుపట్టదు, వదిలేస్తుంది. అందరికీ ఇలా పడుతుందని కాదు. తూవాకి పడింది."

"అంటే నీ లెక్కలో చేపలకి కుటుంబాలు, వంశాలు, వేరు కాపురాలు," అన్నాడు ఓద్లైవ్. "నా లెక్కలో రెండేనమ్మా. మంచి చేప, చెడ్డ చేప. నా ముక్కుకు దాయాదులు తెలీదు."

"నీ ముక్కుకు కేకు మాడిన వాసన కూడా తెలీలేదు పొద్దున," అంది బోర్గిల్డ్ వెనక్కి తిరక్కుండా.

సున్నివా నవ్వింది. ఓద్లైవ్ నవ్వలేదు. "రేపు తూవా వంట నేనే చేస్తాను," అన్నాడు.

సున్నివా కళ్ళు మెరిశాయి. ఇన్నేళ్ళకు మామ మెట్టు దిగాడనుకుంది. తానే కొత్త పెనం కడిగి, కొత్త కత్తి, కొత్త పళ్ళెం తీసి పడవల కొట్టంలో విడిగా పెట్టింది. ఈసాక్ తెచ్చిచ్చిన టేకును బకెట్లో మంచు మీద చూసింది. ఇంకేం కావాలనుకుంది. ఆయన పక్కన నిలబడి చూడకపోవడమే ఆమె చేసిన తప్పు. అంత చదివిన మనిషికి మామ సంగతి తెలియకపోవడం ఏమిటో!

మర్నాడు మధ్యాహ్నం ఊరి హాలు నిండిపోయింది. బయట, హాలు వెనక దూలాల మీద కొత్త కాడ్ వేలాడుతోంది, లోపల గ్లాసులు మోగుతున్నాయి. అందరికీ వడ్డించే చేప రేవు దగ్గర వండి తెస్తున్నారు. తూవాను తలుపు పక్కన, గాలి ఆడే చోట, విడి బల్ల ముందు కూర్చోబెట్టారు. జుట్టుకు ఎర్ర రిబ్బను కట్టుకుంది. ముల్లుగరిట ముందే చేతిలో పట్టుకుంది.

కొట్టంలో ఓద్లైవ్ బకెట్ ముందు నిలబడ్డాడు. టేకు నోరు కింద, కళ్ళు పైన పెట్టుకుని ఆయన్ను చూస్తోంది. వంగి వాసన చూశాడు. ఘాటుగా, కడగని పశువుల కొట్టంలా తగిలింది. పుట్టినరోజు నాడు, ఊరందరి ముందు, తన మనవరాలి పళ్ళెంలో ఇదా! పక్కనే ఆ ఉదయం పడవ దిగిన కాడ్ ఉంది. కండ తెల్లగా, గట్టిగా, నీలి మెరుపుతో. రక్తం చుక్క లేకుండా తన చేత్తోనే తీశాడు. బతికినన్నాళ్ళలో అంతకంటే మంచి చేప చూడలేదని ఆయనకు అనిపించింది. అనిపించక ఏం చేస్తుంది, కావాల్సింది అదే కదా.

నడుము కండ కోశాడు. కొత్త కత్తితో దాన్ని సన్నని పొడుగాటి పోగులుగా గీసి, టేకు రెక్కలా విసనకర్ర ఆకారంలో పరిచాడు. అంత ఓపిక, అంత పనితనం ఆయన ఎన్నడూ ఏ మంచిపనికీ వాడలేదు. వెన్నలో వేయించి, పైన ఇంకాస్త వెన్న పోసి, కొత్తిమీర లాంటి ఆకు చల్లాడు. మనసులో బొమ్మంతా గీసుకున్నాడు. పిల్ల తింటుంది. ఏమీ కాదు. అప్పుడు గ్లాసు మీద చెంచాతో కొట్టి లేచి నిలబడతాడు. "మీరందరూ చూస్తుండగా నా మనవరాలు తిన్నది కాడ్! మొదటి రకం!" ఈసాక్ నోరు మూతపడుతుంది, డాక్టర్ల నోళ్ళు మూతపడతాయి, కోడలి వంశాలూ శాఖలూ అన్నీ సముద్రంలో కలుస్తాయి.

ప్రాణం మీదికి వస్తుందేమోనన్న ఆలోచన ఆ బొమ్మలో ఎక్కడా లేదు. అదే అసహ్యం.

పళ్ళెం తెచ్చి తానే పెట్టాడు. తూవా ముల్లుగరిట పైకెత్తి, దించకుండా ఆగింది. ఆసుపత్రి పిల్లలకు ఆ అలవాటు వస్తుంది.

"తాతా, ఇది టేకేనా?"

"టేకే తల్లీ."

"ఎముక లేదే?"

"నీకోసం తీసేశాను. నేను చూసి పెట్టాను కదా, తిను."

తూవాకు ఇంకేం కావాలి? మూడు రేవుల్లో ఆ మనిషి చూశాడంటే తిరుగులేదు. ఒక పోగు తిన్నది. "అమ్మా, అందరిలా తింటున్నాను!" అని అరిచింది. హాలంతా చప్పట్లు కొట్టింది. ఇంకో రెండు ముక్కలు నోట్లో పెట్టుకుంది.

ఓద్లైవ్ చెంచా చేతిలోకి తీసుకునేలోపే తూవా నాలుక మీద గోక్కుంది. పెదవులు ఉబ్బాయి. దగ్గింది. మళ్ళీ దగ్గింది, గొంతు ముసలిదానిలా బొంగురుపోయింది. "అమ్మా" అనబోతే మాట రాలేదు.

సున్నివా కుర్చీ తన్నేసి వచ్చింది. సంచీలోంచి అలర్జీకి వేసే సూదిమందు పెన్ను తీసి, గౌను మీదినుంచే తొడలో పొడిచి పట్టుకుంది. ఐవింద్ హెలికాప్టర్ కోసం ఫోన్‌లో అరుస్తున్నాడు. బోర్గిల్డ్ పిల్ల కాళ్ళు ఎత్తి పట్టుకుంది.

"మామయ్యా, ఏ పెనం వాడారు?"

"కొత్తదే."

"కత్తి?"

"అదీ కొత్తదే."

రెండూ నిజాలే. ఓద్లైవ్ ఆ రెండు నిజాల వెనక దాక్కున్నాడు. సున్నివా మొహం పాలిపోయింది. "అయితే టేకు కూడా పడలేదు," అంది, ఎవరితోనూ కాదు. "టేకు కూడా..."

"ఆ చెత్త చేప వద్దని నేను చెబుతూనే ఉన్నా," అన్నాడు ఈసాక్. నలుగురూ అవునన్నారు. టేకు మీద కోపంతో హాలంతా ఒక్కటైంది. నోరు తెరవడానికి ఓద్లైవ్‌కు అంతకంటే సరైన సమయం లేదు. తెరవలేదు. అంత పెద్ద నోరు!

ఊపిరి కాస్త అందాక, రెండో పెన్ను కూడా పొడిచాక, తల్లినీ పిల్లనూ హెలికాప్టర్ బూదో ఆసుపత్రికి తీసుకుపోయింది. ఐవింద్ వెనక ఫెర్రీలో బయలుదేరాలి. సాయంత్రానికి సున్నివా ఫోన్ చేసింది. పిల్ల బతికింది, నిద్రపోతోంది. ఇక జన్మలో టేకు కూడా పెట్టకూడదంటున్నారు. నిద్రపోయేముందు తూవా ఒక్కటే అడిగిందట, ఇంక నాకు ఏ చేపా లేదా అని. ఆఖర్న సున్నివా, "పళ్ళెంలో మిగిలిన ముక్క మంచులో పెట్టి ఐవింద్‌కి ఇవ్వండి అత్తయ్యా. ల్యాబులో చూస్తాను. టేకులో ఆ కుటుంబం జన్యువు ఏదైనా నేను చూడనిది ఉందేమో," అంది.

బోర్గిల్డ్ ముక్కను డబ్బాలో పెట్టింది. మంచు కోసం కొట్టంలోకి వెళ్ళింది. వెళ్ళినంత వేగంగా తిరిగిరాలేదు. వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది.

"బకెట్లో టేకుకి రెండు రెక్కలూ ఉన్నాయి," అంది.

ఓద్లైవ్ డబ్బా వైపు చెయ్యి చాచాడు.

"రెండూ ఉన్నాయయ్యా. కత్తి గాటు కూడా లేదు."

"అది మంచి చేప బోర్గిల్డ్. నువ్వు చూడాల్సింది."

ఆమె ఆయన్ను తిట్టలేదు. డబ్బా చేతిలో పెట్టి, "ఫెర్రీ కదలకముందే పో," అంది. తలుపు వేసేసుకుంది.

రేవు దగ్గర సీగల్స్ అరుస్తున్నాయి. మూత తీసి డబ్బా వంచితే చాలు, ఒక్క పక్షి సరిపోతుంది, టేకు మీదే నేరం నిలిచిపోతుంది. ఆయన మూత మీద వేలు పెట్టాడు కూడా. ఆ వేలు ఎందుకు ఆగిందో నాకు తెలియదు. ఆయన మంచితనం అనడానికి నాకు నోరు రావడం లేదు. బహుశా తూవా అడిగిన మాటే అయి ఉంటుంది, ఇంక నాకు ఏ చేపా లేదా అని.

ఐవింద్ ఫెర్రీ మెట్ల మీద ఉన్నాడు. ఓద్లైవ్ డబ్బా అందించాడు.

"దీన్ని పరీక్ష చెయ్యక్కర్లేదు. టేకు కాదది," అన్నాడు. "కాడ్. పొద్దున పడవ దిగింది. మొదటి రకం."

ఐవింద్ తండ్రి మొహంలోకి చాలాసేపు చూశాడు. "మొదటి రకమా, నాన్నా?" అన్నాడు. డబ్బా తీసుకుని లోపలికి పోయాడు. క్షమించమనే మాట నోటిదాకా వచ్చే లోపల మొదటి రకం అన్న మాటే వచ్చింది ఓద్లైవ్‌కు. ఎన్నేళ్ళ అలవాటో.

ఆ సంవత్సరం రకాలు తీసే పనికి ఆయన పోలేదు. ఎవరూ మానమనలేదు. చేపను చేతిలోకి తీసుకుంటే ఎటు విసరాలో తేలడం లేదని బోర్గిల్డ్‌తో అన్నాడట. ఊరికి సంగతంతా తెలిసింది. ఈసాక్ మాత్రం ఆయన ముందు టేకు పేరెత్తడం మానేశాడు. అది జాలి. ఓద్లైవ్‌కు నవ్వు కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

మరుసటి వేసవికిగాని తూవా స్టైన్‌వోగ్ రాలేదు. ట్రోమ్సోలో మళ్ళీ పరీక్షించి టేకు పడుతుందని తేల్చాకే తీసుకొచ్చారు. ఓద్లైవ్ ఈసాక్ కాళ్ళావేళ్ళా పడి టేకు తెప్పించుకున్నాడు. కొట్టంలో వండలేదు. పెరట్లో, అందరూ చూస్తుండగా, ఎముకతో సహా రెక్కను కోసి, అలాగే వేయించాడు. అంతకుముందే మూతీ చేతులూ కడిగాడు. పళ్ళెం పిల్ల ముందు పెట్టాడు.

"టేకే తల్లీ," అన్నాడు.

తూవా పళ్ళెం వైపు చూసింది, తాత వైపు చూసింది. కోపం లేదు.

"అప్పుడూ అలాగే అన్నావు తాతా," అంది.

పళ్ళేన్ని బల్ల మీద నెట్టుకుంటూ తల్లి ముందుకు జరిపింది. సున్నివా దాన్ని వెలుతురుకు తిప్పింది, గోటితో ఎముక మీద గీరింది, వంగి వాసన చూసింది, తల ఊపింది. అప్పుడు తూవా తిన్నది.